గురక లేని పెట్టె

యాంప్లిఫయర్ తలుపు దగ్గరే ఉంది, ఆయన దింపిన చోటే.

భార్య స్టీలమ్మతో చివరి కచేరీకి వెళ్లొచ్చాక ఆయన దాన్ని చెప్పుల స్టాండుకు అడ్డంగా దింపి, రేపు సర్దుతానులే అని వెళ్లి పడుకున్నాడు. పొద్దున లేవలేదు. గుండె ఆగిపోయిందని డాక్టరు చెప్పాడు. అప్పట్నుంచీ పెట్టె కదల్లేదు. ఇంట్లోకి ఎవరు రావాలన్నా దాన్ని చుట్టి రావాలి. పరామర్శకు వచ్చినవాళ్లు టీ తాగి కప్పులు దాని మీదే పెట్టి వెళ్లారు. ఆ కప్పుల గుండ్రటి మరకలు ఇంకా అలాగే ఉన్నాయి. స్టీలమ్మ తుడవలేదు. తుడవకూడదనేమీ కాదు, తుడవాలని అనిపించలేదు, అంతే. ఈమధ్య ఆమెకు ఏదీ అనిపించడం లేదు.

స్టీలమ్మ అనేది తోటి వాద్యగాళ్లు పెట్టిన పేరు. ఆమె వాయించేది స్టీల్ గిటార్. కొత్తవాళ్లెవరైనా ఆ పేరు విని మీకు గిన్నెల కొట్టుందా అని అడిగితే, ఆమె నోరు తెరిచేలోపే ఆయన అందుకుని, ఉంది, మీకు పళ్లేలా గరిటెలా అని బేరం మొదలుపెట్టేవాడు. ఆ గిటార్ని స్టాండు మీద పడుకోబెట్టి, ఎడమచేత్తో ఉక్కు కడ్డీని తీగల మీద జార్చుతూ వాయిస్తారు. ఎక్కడ ఆగాలో చూపించడానికి గీతలైతే గీసి ఉంటాయి గానీ, వాటిని నమ్ముకుంటే అంతే సంగతులు. వెంట్రుకవాసి అటైనా ఇటైనా అపస్వరమే. చెయ్యి ఎక్కడ ఆగాలో చెప్పాల్సింది చెవి ఒక్కటే.

ఆయన లిఫ్టు మెకానిక్. పెళ్లైన కొత్తలో, ఏదో పాత భవనంలో పీకి పారేసిన లిఫ్టు ప్యానెల్లోంచి ట్రాన్స్‌ఫార్మర్ తెచ్చి, పాత రేడియోల్లో ఉండేలాంటి గాజు వాల్వులు బిగించి, మందపాటి చెక్కతో పెట్టె కట్టి ఈ యాంప్లిఫయర్ చేసిచ్చాడు. ఇద్దరు మనుషులు మోయాల్సిన బరువు. మనుషుల్ని మోసిన సరుకు కదా, ఆ మాత్రం గౌరవం ఇవ్వాలి అంటూ ఆయనొక్కడే ఎత్తుకునేవాడు. ఆమె వెళ్లిన ప్రతి హోటలుకీ, ప్రతి క్లబ్బుకీ, ప్రతి పుట్టినరోజు విందుకీ ఆ పెట్టె వెళ్లింది, పెట్టెతోపాటు ఆయనా వెళ్లాడు.

పెట్టెకు ఒకటే రోగం. స్విచ్ వెయ్యగానే లోపల్నుంచి సన్నగా గుర్రుమనేది. దానికి వాళ్లిద్దరూ గురక అని పేరు పెట్టుకున్నారు. ఆమె సాధిస్తే, అది తన పనితనంలో లోపం కాదనీ, కరెంటు గొంతే అంతనీ వాదించేవాడు. ఊళ్లో ఏ మోటారునైనా అడుగు, ఇదే స్వరం పాడుతుంది అనేవాడు. అయినా సరే, వచ్చే వారం విప్పి తీసేస్తానని మాటిచ్చేవాడు. ఆ వారం ఎన్నడూ రాలేదు. ఆయన గురక కూడా తక్కువేం కాదు. రెండిట్లో ఏది భరించడం కష్టం అని ఫ్రెండ్సు ఆటపట్టిస్తే ఆమె ఠక్కున చెప్పేది, పెట్టెకైతే స్విచ్చుంది అని.

ఆయన పోయిన రోజు పెద్దత్త ఒకావిడ అందరూ వినేలా, ఆ ఇనప్పెట్టె మోసీ మోసీ పోయాడు మా వాడు అంది. గదిలో అందరూ స్టీలమ్మ వంక చూశారు. ఆమె ఏడవలేదు, తల కూడా దించుకోలేదు. నిమ్మకు నీరెత్తినట్టు కూర్చుందని తర్వాత నలుగురూ నాలుగు రకాలుగా అనుకున్నారట. అనుకోనీ. తనలో ఏదో ఫ్యూజు పోయిందని ఆమెకే అనుమానంగా ఉంది, ఇక వాళ్లనేం అంటుంది.

మొన్న ఫిడేలాయన ఫోన్ చేశాడు. చెప్పుల షాపు మీద ఉన్న హోటల్లో ఆదివారం సాయంత్రాలు వాయించేది ఆమెతో కలిపి ముగ్గురు, వాళ్లలో ఆయన పెద్ద. తిన్నారా, పడుకుంటున్నారా అని చాలాసేపు నసిగి, ఆఖరికి అసలు మాట చెప్పాడు. కీబోర్డు వాయించే మనిషి ఒకతను తిరుగుతున్నాడట, హోటలాయన ఈ ఆదివారం దాకానే ఆగుతానన్నాడట. వస్తే ఆ కుర్చీ మీకే, కాకపోతే ఆ మెట్ల మీద ఆ పెట్టెను ఎక్కించడం ఇక మావల్ల కాదమ్మా, నాకు నడుం లేదు, బేసు గిటార్ వాయించేవాడికి బుద్ధి లేదు అన్నాడు. ఆమె వస్తానంది. తన గొంతు తనకే పక్కింటి రేడియోలా వినిపించింది.

ఆ కుర్చీ పోతే ఇక ఎప్పటికీ వాయించదు. ఆ సంగతి ఆమెకు ఖాయంగా తెలుసు. గిటార్ పెట్టెలోకి వెళ్తుంది, పెట్టె అటక మీదకి వెళ్తుంది, ఆపైన దాని గురించి ఎవరూ అడగరు. ఇంత తెలిసీ బెంగ కలగకపోవడమే ఆమెకు భయం వేసింది. భయం కూడా గట్టిగా వెయ్యలేదు, ఏదో గుర్తుచేసినట్టు వేసి పోయింది.

తేలికపాటి యాంప్లిఫయర్ కొనడానికి ఆడపడుచు కారు తెచ్చింది. ఆడపడుచుది డ్రైవింగ్ స్కూలు. కారు నెత్తి మీద పసుపు బోర్డు, పక్క సీటు ముందు నేర్పేవాళ్ల కోసం ఇంకో బ్రేకు ఉంటాయి. స్టీలమ్మను ఆ సీట్లో కూర్చోబెట్టడం అంటే ఆడపడుచుకు మొదట్నుంచీ తల ప్రాణం తోకకొచ్చే వ్యవహారం. స్టీల్ గిటార్ వాయించేవాళ్లకు కాలి కింద ఒక పెడల్ ఉంటుంది. మీటిన స్వరం సన్నబడుతున్నకొద్దీ పెడల్ తొక్కుతూ శబ్దాన్ని పెంచితే, స్వరం ఆగకుండా సాగుతున్నట్టే వినిపిస్తుంది. ఆ అలవాటు కొద్దీ, మనసులో ఏదైనా పాట మెదిలితే చాలు, స్టీలమ్మ కాలు దానంతటదే బ్రేకు మీద పడేది. నడిరోడ్డు మీద కారు గక్కున ఆగేది, వెనక బండ్లవాళ్లు తిట్టేవాళ్లు. సంగీతం నీకు, తిట్లు నాకు అని ఆడపడుచు వాపోయేది.

ఈసారి షాపు వచ్చేదాకా కారు ఒక్కసారీ అలా ఆగలేదు. ఆడపడుచు ఆ కాళ్ల వంక చూసింది.

షాపతను మంచివాడే, కాకపోతే నోరు మూతపడని మంచివాడు. కొత్త రకాలన్నీ ఒంటిచేత్తో ఎత్తొచ్చనీ, వాల్వులూ లేవు వాటి గోలా లేదనీ మొదలెట్టాడు. స్టీలమ్మ గిటార్ స్టాండు వేసి, పెడల్ కాలికింద పెట్టుకుని కూర్చుంది. మొదటిది మరీ చిన్నది, లంచ్ బాక్సుకు అన్నలా ఉంది. మామూలుగా మీటితే బాగానే పలికింది గానీ, లావు తీగ మీటి పెడల్ సగానికి తొక్కేసరికి గొంతు పగిలింది. స్టీలుకు కావాల్సింది గట్టిగా అరిచే యాంప్లిఫయర్ కాదు, పెడల్ అడుక్కి వెళ్లినా ఇంకా కొంత ఊపిరి దాచుకున్నది. దాన్ని పక్కన పెట్టించింది. రెండోది పాత యాంప్లిఫయర్ల గొంతుల్ని అనుకరిస్తుందట. బటన్ నొక్కినకొద్దీ ఒక్కో వేషం వేసింది. తీగ మీటడానికీ శబ్దం రావడానికీ మధ్య రవ్వంత ఎడం ఉన్నట్టు ఆమె చేతికి తెలిసింది. అదీ వద్దంది. మూడోది బూడిదరంగుది, పెద్ద స్పీకరు, ఎనిమిది కిలోలు. లావు తీగలు గుండ్రంగా, సన్న తీగలు గాజులా పలికాయి. పెడల్ పూర్తిగా తొక్కినా చెక్కు చెదరలేదు. ఇన్నేళ్ల చెయ్యి కాబట్టి ఏది మంచిదో చెయ్యి చెప్పేసింది, ఆమె ప్రమేయం లేకుండానే.

మంచిదని తేలాక కూడా ఆమె లేవలేదు. శబ్దం పెంచే బటన్ను చివరికంటా తిప్పి, తీగ ముట్టుకోకుండా, స్పీకరు దగ్గరగా ముఖం పెట్టి కూర్చుంది. అంతకుముందు ఆ రెండింటి దగ్గరా ఇదే చేసింది. షాపతను సంబరంగా, చూశారా, అసలు ఆన్‌లో ఉందో లేదో కూడా తెలీదు అన్నాడు. ఆమె వెనక్కి వంగి ఎర్రలైటు వెలుగుతోందో లేదో చూసింది. వెలుగుతోంది.

ఏం వింటున్నావు వదినా అని ఆడపడుచు అడిగితే, ఏమో అంది. నిజంగానే ఏమో. ఆమెకూ తెలీదు.

డబ్బు కట్టి, యాంప్లిఫయర్ని ఆమే ఒక చేత్తో పట్టుకుని బయటికొచ్చింది. రెండో చెయ్యి ఖాళీగా ఉంది. దాన్ని ఎక్కడ పెట్టుకోవాలో తెలీక బ్యాగు పట్టీ పట్టుకుంది.

కారులో కాసేపయ్యాక ఆడపడుచు రోడ్డు మీదే చూపు పెట్టి మాట్లాడింది.

"ఒక మాట చెప్పాలి వదినా. ఇలాంటిది నేను ఎప్పుడో కొనిద్దామనుకున్నా, నీ పుట్టినరోజుకి. అన్నయ్యని అడిగితే వద్దన్నాడు."

"ఎందుకట?"

"తేలికది కొంటే మీ వదిన తనే మోసుకుపోతుంది, ఇక నన్నెవరు రమ్మంటారు అన్నాడు. బిల్లు కట్టే మొగుడిలా మూల కూర్చోవాలి, ఇప్పుడైతే కనీసం కూలీగా గౌరవం ఉంది అన్నాడు. నవ్వుతూనే అన్నాడులే." ఒకసారి గేరు మార్చింది, మార్చాల్సిన అవసరం లేకపోయినా. "పెద్దత్త ఆ రోజు అలా అన్నప్పుడే చెప్పాల్సింది నేను. నోరు పెగల్లేదు."

స్టీలమ్మ విన్నది. ఇది తనకు చాలా ముఖ్యమైన మాట అని అర్థమైంది. ముఖ్యమైన కాగితాన్ని తర్వాత చదువుదామని మడిచి పెట్టుకున్నట్టు ఆ మాటను పక్కన పెట్టి, సిగ్నల్ పడింది చూడు అంది.

ఆదివారం సాయంత్రం ఆ చెప్పుల షాపు పక్క మెట్లు ఎక్కింది. ఇరుకు మెట్లు, మధ్యలో ఒక మలుపు. ఆ మలుపులో ఆయన ప్రతిసారీ పెట్టె దింపి గోడకు ఆనుకుని, ఆయాసం కాదు, ఇక్కడ లిఫ్టు ఎలా పెట్టాలా అని చూస్తున్నా అనేవాడు. కాసేపు గోడల్ని కొలిచినట్టు నటించి, మళ్లీ ఎత్తుకునేవాడు. ఈసారి ఆమెకు ఆగాల్సిన పనే పడలేదు. బూడిదరంగు పెట్టె ఒక చేతిలో, గిటార్ ఒక చేతిలో, గబగబా పైకి వెళ్లిపోయింది. అంత తొందరగా చేరినందుకు ఏం చెయ్యాలో తోచక, కుర్చీలు ఇంకా బల్లల మీద బోర్లించి ఉన్న హాల్లో నిలబడింది.

జనం బాగానే వచ్చారు. ఆడపడుచు మూల బల్ల దగ్గర, ఆయన కూర్చునే చోటే కూర్చుంది. ఫిడేలాయన కళ్లద్దాలు తుడుచుకుని, తలాడించి మొదలుపెట్టాడు. శ్రుతి సరిచూసే చిన్న మిషనుతో స్టీలమ్మ తీగలన్నీ ముందే సరిచేసుకుంది. తీగల్లో దోషం లేదు. అయినా రెండో పాటకల్లా కడ్డీ తాను ఆగాల్సిన చోటికి రవ్వంత పైన ఆగుతోంది. వినేవాళ్లెవరూ పసిగట్టరు. ఫిడేలాయన పసిగట్టాడు. పెద్దమనిషి కాబట్టి ఆమెవైపు చూడకుండా, తన వేళ్లే కాస్త పైకి జరిపి ఆమెతో కలిశాడు. ఆ మర్యాద ఆమెకు అర్థమైంది. ఇన్నేళ్లలో ఎవరూ ఆమె కోసం శ్రుతి జరపాల్సిన అవసరం రాలేదు. వచ్చే ఆదివారానికి కీబోర్డతనే నయమని ఆయన అనుకుంటే తప్పు లేదు. ఆ మాట కూడా ఆమె చల్లగానే అనుకుంది.

విరామంలో మంచినీళ్ల కోసం కౌంటరు దగ్గరికి వెళ్లింది. కౌంటరు పక్కన కూల్‌డ్రింకుల ఫ్రిజ్ ఒకటి, అద్దం తలుపుది, ఎప్పట్నుంచో ఉన్నదే. గ్లాసు నింపుకుంటూ ఆమె ఆగిపోయింది. ఫ్రిజ్ గుర్రుమంటోంది. సన్నగా, ఒకే స్వరం మీద. ఆమె గ్లాసు పక్కన పెట్టి, తలుపు మీద చెయ్యి ఆన్చింది. అరచేతిలోకి వచ్చిన ఆ స్వరం ఏ తీగదో వెంటనే తెలిసిపోయింది. షాపులో స్పీకరుకు ముఖం పెట్టి తను దేనికోసం వెతికిందో కూడా అప్పుడు తెలిసింది. ఇన్నేళ్లూ ఆ పెట్టె గురకనే శ్రుతిగా పట్టుకుని వాయించింది. దాన్నే నేలగా చేసుకుని నిలబడింది. తీసెయ్యమని సాధించింది కూడా తనే.

వెనక్కి వెళ్లి గిటార్ స్టాండు ఎత్తి ఫ్రిజ్ పక్కకి మార్చింది. వైరు అందదమ్మా అన్నాడు ఫిడేలాయన. యాంప్లిఫయరే అక్కడికి వస్తుంది, తేలికదేగా అని దాన్నీ ఒక చేత్తో తెచ్చి పెట్టుకుంది. బేసు అబ్బాయి, అక్కా, అక్కడ జనం కూల్‌డ్రింకులకి వస్తూ పోతూ ఉంటారు అన్నాడు. రానీ అంది.

తర్వాతి పాట నెమ్మదిది. కడ్డీ జారి తన చోట ఆగింది, వెంట్రుకవాసి కూడా తేడా లేకుండా. ఫిడేలాయన తల ఎత్తి ఈసారి ఆమెవైపే చూశాడు, వేళ్లు తన చోటికి తెచ్చుకుని. పక్కన ఫ్రిజ్ గుర్రుమంటూనే ఉంది. ఆమె భుజాలు దిగాయి. హాయిగా ఉందని కాదు గానీ, వెనక పెట్టె ఉన్నట్టు, పెట్టె వెనక మూలలో మనిషి ఉన్నట్టు, ఆ మనిషి కాసేపట్లో లేచి సరంజామా సర్దుతాడన్నట్టు ఉంది. అలాగే నమ్మింది కూడా, పాట దాదాపు అయ్యేదాకా.

పాట చివర్లో ఒక పొడుగు స్వరం ఉంది. మిగతా ఇద్దరూ ఆగిపోతారు, స్టీల్ ఒక్కటే సాగాలి. ఆమె మీటింది. స్వరం లేచింది, కడ్డీ సన్నగా ఊగింది, కాలు మెల్లగా పెడల్ తొక్కడం మొదలుపెట్టింది.

అప్పుడు ఫ్రిజ్ ఆగిపోయింది. అందులో వింతేం లేదు. చల్లబడ్డాక ఏ ఫ్రిజ్జైనా కాసేపు ఆగుతుంది. చిన్నగా ఒణికి, లోపలి సీసాలు ఒకసారి గలగలమని, నిశ్శబ్దమైపోయింది. కింద నేల తీసేసినట్టు అయింది. స్వరం ఒక్కటే గాలిలో మిగిలింది.

చెయ్యి తడబడలేదు. కడ్డీ ఉన్నచోటే ఉంది, స్వరం సరిగ్గానే ఉంది. ఆయన పోయాడు, ఆమె అనుకుంది. ఎవరో చెప్పిన కబురులా కాకుండా, మొదటిసారి తనే తెలుసుకున్నట్టు అనుకుంది. ఆ పొద్దున ఆయన్ని లేపబోయినప్పుడు గది ఇంతే నిశ్శబ్దంగా ఉంది, ఇలాగే ఉంది. స్వరం సన్నబడుతోంది. ఆమె పెడల్ తొక్కింది. ఇంకా సన్నబడింది, ఇంకా తొక్కింది. ఎనిమిది కిలోల పెట్టె దాచుకున్న ఊపిరంతా ఇచ్చేసింది. పెడల్ నేలను తాకింది. అంతకన్నా తొక్కడానికి ఏమీ లేదు. స్వరం వెళ్లిపోయింది.

జనం చప్పట్లు కొట్టారు. కాస్త ఎక్కువసేపే కొట్టారు. ఫిడేలాయన వంగి, వచ్చే ఆదివారం ఇదే పాటతో మొదలెడదాం అన్నాడు. ఆమె తలూపింది.

అన్నీ సర్దుకుని మెట్లు దిగుతుంటే ఆడపడుచు గిటార్ పట్టుకుని వెనక వస్తోంది. బూడిదరంగు పెట్టె స్టీలమ్మ చేతిలో సంచిలా ఊగుతోంది. మలుపు దగ్గర ఆమె ఆగింది. పెట్టె కింద పెట్టింది, గోడకు ఆనుకుంది. వెనకొస్తున్న ఆడపడుచు ఆమెను దాదాపు గుద్దుకుంది.

"ఏమైంది వదినా, బరువుగా ఉందా?"

"ఆయాసం," అంది స్టీలమ్మ. "ఆయనకి ఆయాసమేనే. ప్రతిసారీ ఇక్కడ ఆయాసమే. నేను నవ్వేదాన్ని."

మెట్టు మీద కూలబడి, పెట్టె మీద తల పెట్టి ఏడ్చింది. పక్కన కూర్చుందామంటే మెట్టు ఇరుకు. ఆడపడుచు గిటార్ని గోడకు ఆన్చి, పైమెట్టు మీద కూర్చుని ఆమె వీపు మీద చెయ్యి వేసింది. హోటల్లోంచి దిగుతున్న ఎవరో దారివ్వమన్నారు. కాసేపు ఆగండి అంది ఆడపడుచు.